మూడు పేర్ల మత్తు

గత వారం కోడల్ని ఆస్పత్రి నడవాలో, ఒక కాలు కురచైన బెంచీ మీద వదిలి వచ్చాం. కథను ఇప్పుడే అందుకుంటున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆమె మామగారు తాళాల మేస్త్రి. చేతిలో పెట్టిన తాళంచెవి బరువు చూసి అది ఏ కాలం నాటిదో చెప్పగలిగిన మనిషి, కొన్ని వారాలుగా పని మధ్యలోనే కునుకు తీస్తున్నాడు. మాట సగంలో ఆగి, మిగతా సగం ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. పాలగిన్నె తీసుకెళ్ళి చెప్పుల అరలో పెట్టాడు. వయసు, అన్నారు అందరూ. ఆ మధ్యాహ్నం సగం దించిన షట్టరు వెనక, తన దుకాణంలోనే నేల మీద కూర్చుని పొత్తికడుపు పట్టుకుని మూలుగుతూ దొరికాడు. లేపబోయిన కోడల్ని ఎప్పుడో పోయిన తన అక్క అనుకుని, ఏదో చిన్నప్పటి తగవు గురించి బతిమాలుకున్నాడు. కోడలు, ఆమె భర్త కలిసి ఆయన్ని టాక్సీలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చారు.

లోపలినుంచి కబురు వచ్చింది. మూత్రం ఆగిపోయిందట. గొట్టం వేసి తీశారు. నొప్పి తగ్గింది. మతి మాత్రం తిరిగి రాలేదు. ఆయన వెల్లకిలా పడుకుని దుప్పటి మీద లేని దారప్పోగుల్ని ఒక్కొక్కటే ఏరుతున్నాడు. గోడ మీద చీమల బారు పోతోందని, ఎవరైనా పక్కకు జరగండని చెబుతున్నాడు. గోడ తెల్లగా, ఖాళీగా ఉంది.

కోడలు కాసేపు ఆ గోడ వైపే చూసింది. ఏడుపు రాలేదు. ఈ మనిషి ఇంక ఇలాగే ఉంటాడు కాబోలు అనుకుంది, బయట వాన పడుతోంది కాబోలు అనుకున్నంత మామూలుగా. ఆ మామూలుతనమే ఆమెను కొంచెం భయపెట్టింది.

వదిన వచ్చేసరికి పొద్దు వాలింది. వదినంటే మేస్త్రి పెద్ద కూతురు, బడిలో లెక్కల టీచరు. ఏ కష్టం వచ్చినా దానికి జవాబు రాబట్టి, కింద గీత గీస్తే గాని ఊరుకోదు. తండ్రి మంచం పక్కన నిలబడి, నుదురు నిమిరి, ఆయన తనను గుర్తుపట్టకపోతే కళ్ళు తుడుచుకుని, నడవాలోకి వచ్చి తమ్ముణ్ణీ మరదల్నీ చెరో పక్కా కూర్చోబెట్టుకుంది. మతి తప్పిన పెద్దవాళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటి తన బడికి దగ్గర్లోనే ఉందట. వెళ్ళి చూసి వచ్చిందట. కిటికీ పక్కన ఒక మంచం ఖాళీ అయిందట. ఈ వారం చివరిదాకా ఉంచుతామన్నారట. దుకాణం మూసేద్దాం, నాన్న చేతికి ఆకురాయి ఇవ్వడం ఇక క్షేమం కాదు అంది. ఆమె గొంతులో కాఠిన్యం లేదు. చాలాసార్లు ఒంటరిగా చెప్పుకుని చూసుకున్న మాటల్లా ఉన్నాయి అవి.

గోదాములో సూపర్‌వైజరుగా చేసే తమ్ముడు, అంటే కోడలి భర్త, నేల వైపు చూస్తూ అంతా విన్నాడు. అదే మంచిదేమో అక్కా అన్నాడు.

కోడలికి ఆ మాట గుచ్చుకుంది. కానీ చెప్పుల అరలోంచి పాలగిన్నెను తీసింది ఆమే.

అప్పుడొచ్చింది డాక్టరు. చిన్న వయసావిడ, నిద్ర చాలక కళ్ళ కింద నల్లబడి ఉంది. మేస్త్రి వాడే మందులేమిటని అడిగింది. రక్తపోటు మాత్ర ఒక్కటేనని, దాన్ని తానే రాయించానని వదిన చెప్పింది.

"డాక్టర్లు రాసినవే అడగట్లేదండీ," అంది ఆవిడ. "ఎవరు ఇచ్చినా, ఎక్కడ కొన్నా సరే. జలుబుకి, నిద్రకి, దురదకి. సిరప్పులు, చుక్కలు కూడా. ఆయన చెయ్యి అందే చోట ఉన్నవన్నీ డబ్బాలతో సహా తెచ్చి నా ముందు పెట్టండి."

దురద అన్న మాట దగ్గర కోడలు తలెత్తింది.

ఇంటికి వెళుతూ బస్సులో ఆమె ఆ సంగతి గుర్తు చేసుకుంది. మేస్త్రి దుకాణం పక్క గదిలోకి ఈ మధ్యే చెక్కపని కార్ఖానా ఒకటి వచ్చింది. రంపం తిరిగినంతసేపూ సన్నటి పొట్టు తలుపు సందుల్లోంచి వచ్చి తాళాల మీద, ఆకురాళ్ళ మీద పిండిలా పేరుకునేది. అప్పట్నించే ఆయనకు తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు దురద పెట్టి, ఎర్రబడి నీళ్ళు కారేవి. తనకూ దుమ్ము పడదు. ఏళ్ళుగా వాడుతున్న మాత్రలే తన సంచీలోంచి తీసి ఆయనకిచ్చింది, పొద్దున ఒకటి, పడుకునేముందు ఒకటి వేసుకోమని. తుమ్ములు తగ్గాయి. ఆయన సంతోషించాడు, ఆమె కూడా.

మామగారి గదిలో రేడియో వెనక జలుబు సిరప్పు దొరికింది. సగం పైగా అయిపోయింది. అది వదిన తెచ్చింది. ఓ ఆదివారం వచ్చినప్పుడు తండ్రి ముక్కు ఎగబీలుస్తుంటే, ఈ ఇంట్లో ఆయన జలుబు ఎవరికీ పట్టదా అని కొనితెచ్చి, గుర్తుగా వేసుకోమని చేతికిచ్చి వెళ్ళింది. సిరప్పు దొరికింది కదా, ఇంక అయిపోయింది అనుకుని కోడలు గది తలుపు వేసింది. వేశాక ఆగింది. ఆయన రోజంతా గడిపేది ఈ గదిలో కాదు.

దుకాణానికి వెళ్ళి షట్టరు ఎత్తింది. ఇనుము వాసన, నూనె వాసన, వాటి మీద పచ్చి చెక్క వాసన. ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు వేసుకునే రేకు డబ్బాలో, వాటి మధ్యనే, నిద్రమాత్రల అట్ట ఒకటి ఉంది. వీధి మలుపులో మందుల దుకాణంవాళ్ళు చీటీ అడక్కుండా ఇచ్చే రకం. సగం ఖాళీ. దీని సంగతి ఆమెకు తెలియదు, వదినకూ తెలిసి ఉండదు. పగలంతా కునుకు పట్టి రాత్రిళ్ళు నిద్ర రాక ఆయనే కొనుక్కుని ఉంటాడు. ఒకరి చేత మాట పడని మనిషి, ఎవరికీ చెప్పి ఉండడు.

డాక్టరు గదిలో బల్ల మీద, తన మాత్రల డబ్బాతో కలిపి మూడింటినీ వరసగా పెట్టింది. వదిన, భర్త గోడ పక్కన నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ముందువైపు చూడకుండా నేరుగా వెనక్కి తిప్పి చదివింది.

"ఇది ఎవరిది?" అని మాత్రల డబ్బా ఎత్తి చూపించింది.

తనదేనని కోడలు చెప్పింది.

"ఈ సిరప్పు?"

"నేను తెచ్చాను," అంది వదిన. "జలుబుకి."

"రెండింట్లోనూ ఒకటే మందు." ఆవిడ వేలితో డబ్బా మీద పెద్ద అక్షరాలను మూసి, కింద చిన్న అక్షరాలను చూపించింది. "పైన ఉన్నది కంపెనీవాళ్ళు పెట్టుకున్న పేరు. మందు పేరు ఇక్కడుంటుంది. క్లోర్‌ఫెనిరమైన్. ఇందులోనూ అదే. ఈ నిద్రమాత్రలో డైఫెన్‌హైడ్రమైన్. పేరు వేరు, కానీ ఆ కుటుంబమే, అన్నదమ్ములు. మూడూ కలిపి వేసుకుంటున్నారు ఆయన."

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, పటం మీద వరస దిగుతున్న కొద్దీ చిన్నవయ్యే అక్షరాలు చదివించడం రోజూ చేసే పని. తన సంచీలో ఏళ్ళుగా తిరిగిన డబ్బా మీద ఆ చివరి వరస తానెప్పుడూ చదవలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గు కన్నా ముందు ఆశ్చర్యం వేసింది.

డాక్టరు చెప్పుకుపోయింది. ఇవి తుమ్ములు ఆపే పాతకాలపు మందులు. ముక్కును ఆరబెడతాయి, నిజమే. అయితే ముక్కు ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోవు. మెదడులోకీ పోయి మత్తు కమ్ముతాయి. పెద్ద వయసువాళ్ళకైతే ఆ మత్తులోనే మతి చెదిరి, లేనివి కనిపిస్తాయి. మూత్రాశయాన్ని కూడా బద్ధకంగా చేస్తాయి. ఈయనకు ప్రొస్టేట్ గ్రంథి అంతకు ముందే పెరిగి ఉంది. ఇక దారి పూర్తిగా మూసుకుపోయింది.

"నాకెప్పుడూ ఏమీ కాలేదే," అంది కోడలు. తనను కాపాడుకోవడానికి కాదు, నిజంగానే అర్థం కాక.

"మీ వయసులో ఒంట్లోంచి తొందరగా పోతుంది. ఆయన వయసులో నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. అయినా మీకు ఏమీ కాలేదని ఎలా అంటారు? వేసుకున్న మర్నాడు పొద్దున తల దిమ్ముగా ఉండదూ?"

ఉంటుంది. పని ఒత్తిడి అనుకునేది.

గోడ పక్కనున్న వదిన ముందుకు వచ్చింది. ఆమె ముఖం పాలిపోయింది. ఆ మాత్రం తెలియకుండా నీ మందులు తీసి ముసలాయనకెలా ఇచ్చావమ్మా అని మరదల్ని అడిగింది. ఇంట్లో పక్కనే ఉండి, రోజూ చూస్తూ, ఆయన ఇలా అయిపోతుంటే ఏమనుకున్నావంది. మాటలు మెల్లగానే వచ్చాయి గాని, ఒక్కొక్కటీ నేరుగా వచ్చి తగిలింది. కోడలు సిరప్పు సీసా వైపు ఒకసారి చూసింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే వదిన ఏమవుతుందో కూడా ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. దాన్ని అలాగే మింగేసింది.

"వయసు అనుకున్నాను వదినా," అంది. "మీరూ అదే అన్నారు."

వదిన చెయ్యి చాపి తనే సిరప్పు సీసా తీసుకుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చీటీని కంటి దగ్గరగా పెట్టుకుని, బడిలో పిల్లల జవాబులు దిద్దేటప్పుడు చూసినంత శ్రద్ధగా చదివింది.

"ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలని రాసుంది ఇక్కడ," అంది చివరికి. "వేరే అలర్జీ మందుతో కలపొద్దని కూడా ఉంది. తెలుగులోనే ఉంది."

సీసాను మెల్లగా బల్ల మీద పెట్టింది. మరదలి వైపు చూడలేదు కాని, పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో, ఆమెకు భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆ ఇంట్లో క్షమాపణలు అలాగే ఉంటాయి.

ఎవరిచ్చారన్నది తనకక్కర్లేదని డాక్టరు చెప్పింది. ఇప్పుడే ఈ మూడూ ఆపేస్తున్నాం. ఇది మందు తెచ్చిన మత్తో, వయసు తెచ్చిన మరుపో, రెండూ కలిసినదో ఆపితే గాని తేలదు. కొన్ని రోజులు పడుతుంది. పూర్తిగా తేరుకోకపోవచ్చు కూడా, మాట ఇవ్వలేను. అయితే ఈలోగా ఆయన జీవితం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి అంది.

మరి తుమ్ములో, అని కోడలు చెక్క పొట్టు సంగతి చెప్పి అడిగింది. ముందు ఆ పొట్టు రాకుండా తలుపు సందులు మూయించండి అంది ఆవిడ. ముక్కుని ఉప్పునీళ్ళతో కడుక్కోవచ్చు. ముక్కులో కొట్టుకునే మందు రాస్తాను, అది మెదడు జోలికి పోదు. అప్పటికీ తగ్గకపోతే కొత్త రకం మాత్రలున్నాయి, మత్తు తక్కువ. అవి కూడా మూత్రపిండాల పరీక్ష చూశాక, నేనే రాస్తాను, ఒకటే రకం, రోజుకొక్కటే. ఒక మాత్రకు తగ్గలేదని ఇంకొకటి వేసుకోవడం గాని, పక్కింటివాళ్ళకు పనిచేసిందని తెచ్చుకోవడం గాని వద్దు. మీరు కూడా, అని కోడలి వైపు తిరిగి, ఆ మాత్రలు వేసుకుని బండి నడపకండి, మద్యం తాగేవాళ్ళైతే అసలు కలపకండి అంది. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో మాత్రల కోసం వెతుకుతూ కూర్చోకుండా నేరుగా ఇక్కడికి రమ్మంది.

బయటికి వచ్చాక గాని భర్త నోరు విప్పలేదు. ఆశ్రమంవాళ్ళకు వద్దని మాత్రం చెప్పకక్కా, ఆ మంచం అలాగే ఉంచమను, డాక్టర్లు చెప్పినవన్నీ జరుగుతాయా అన్నాడు. వదిన తల ఊపింది. ఆమె బాగా అలిసిపోయి ఉంది.

మర్నాడు మేస్త్రి మరీ చిరాకు పడ్డాడు. గొట్టం లాగేయబోయి నర్సు చేత తిట్లు తిన్నాడు. ఆ తర్వాత దాదాపు పగలంతా నిద్రపోయాడు. కోడలు తన పనికి సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. చీమలు ఒక పూట కనిపించి, ఒక పూట కనిపించకుండా పోయాయి. దారప్పోగులు ఏరే చెయ్యి నెమ్మదించింది. ఒకసారి కళ్ళు తెరిచి, ఆ కిటికీ గొళ్ళెం ఎవడు బిగించాడో గాని మర తిరగేసి బిగించాడని చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి చూసింది. నిజమే, తిరగేసి ఉంది. తిరిగి వచ్చి కూర్చుని, ఆయన దుప్పటి అంచు సరిచేసింది.

ఆ మరుసటి ఉదయం డాక్టరు వచ్చేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని పాలు తాగుతున్నాడు. ఆవిడ ఏ నెలో అడిగింది, చెప్పాడు. వారాలను వెనకనుంచి చెప్పమంది, చెప్పాడు. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది. నాలుగైదు మెట్లు దిగి, ఇది మా అమ్మాయి పెట్టే పరీక్షలా ఉందే, తనే చెప్పిందా నీకు అని అడిగాడు. డాక్టరు నవ్వింది. ఇంటివాళ్ళకు చెప్పి సంతోషపెట్టండని కోడలితో అని పక్క మంచానికి వెళ్ళిపోయింది.

వారాల తరబడి ఆమెలో ఏదో చల్లగా గడ్డకట్టుకుని ఉండింది. అది కదిలింది. ఇంకా ఆనందం అనిపించుకోలేదు, కాలు తిమ్మిరి వదిలేటప్పటి నొప్పిలా ఉంది. సంచీలోంచి ఫోను తీసింది.

"ఇప్పుడే చెయ్యకమ్మా," అన్నాడు మేస్త్రి. "ముందు ఇలా కూర్చో."

ఆమె కూర్చుంది. ఆయన పాలగ్లాసు పక్కన పెట్టి, తలుపు వైపు ఒకసారి చూశాడు. ఆ రోజుల్లో తాను చేసినవి కొన్ని గుర్తున్నాయని, కొన్ని లేవని చెప్పాడు. చీమల మాట వినగానే తనకే నవ్వొచ్చిందట. అక్క వచ్చిందనుకోవడం గుర్తుందట, అదీ అబద్ధమేనని తెలుసట. "కానీ ఒకటి మాత్రం నేను నిజంగా చేశాను," అన్నాడు. "నా చేతులకు తెలుసు. చేతులకు కలలు రావు."

"ఏం చేశారు మామయ్యా?"

"సబ్బు ముక్క మీద అచ్చు తీసుకొచ్చి, ఇలాంటి తాళంచెవి ఒకటి కోసిమ్మన్నారు. సబ్బు మీది అచ్చుకు చెవి కొయ్యడం నా చేతిలో ఎన్నడూ జరగలేదు. అసలు చెవి తెచ్చుకోలేనివాడు సబ్బు తెస్తాడు. మతి సరిగా ఉంటే వాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వను. ఆ సంగతి తెలిసే, మతి లేని సమయం చూసి వచ్చారు." ఆయన అరచేయి చాపి, రెండో చేతి చూపుడువేలితో దాని మీద ఒక గీత గీశాడు. ఎత్తు, పల్లం, మళ్ళీ పల్లం, పొడుగాటి ఎత్తు. "కోస్తున్నప్పుడు తెలియలేదు. ఇవాళ తెల్లవారి మెలకువ వచ్చాక ఆ పళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి. ఆ తాళం బిగించింది నేనేనమ్మా. మీ కళ్ళజోళ్ళ దుకాణం వెనక తలుపుది."

ఆ తలుపుకు తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి యజమాని నడుముకు వేలాడుతుంది. రెండోది ఆమె సంచీలో, ఫోను తీసిన ఈ సంచీలోనే, లోపలి అరలో ఉంటుంది. ఆమె చెయ్యి దానంతటదే ఆ అర మీదికి వెళ్ళింది. చెవి అక్కడే ఉంది. ఈ సంచీని ఇంట్లో తగిలించే కొక్కెం, ఆ కొక్కెం ఉన్న పడకగది ఆమె కళ్ళ ముందు మెదిలాయి.

"ఎవరు తెచ్చారు మామయ్యా?" అని అడిగింది. తన గొంతు తనకే దూరంగా వినిపించింది.

ఆయన జవాబు చెప్పబోయి ఆగాడు. తలుపు తెరుచుకుంది. ఆమె భర్త లోపలికి వచ్చాడు, పళ్ళ సంచీ పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వెనక్కి వేస్తూ. నాన్న ఎలా ఉన్నాడని కళ్ళతోనే అడిగాడు.

మేస్త్రి ముఖంలోంచి తెలివి మొత్తం ఎవరో దీపం ఆర్పినట్టు పోయింది. దవడ జారింది. దుప్పటి మీది చెయ్యి మెల్లగా, లేని దారాన్ని ఒకదాన్ని ఏరడం మొదలుపెట్టింది.

"బస్సు వచ్చిందా బాబూ?" అని కొడుకును అడిగాడు.

దుప్పటి కింద రెండో చెయ్యి కోడలి మణికట్టును ఇనుప పట్టులా పట్టుకుని ఉంది.